యేసు నామమున వ్రాసిన మొదటి పాఠము

ధ్యాన భాగములు: 1 దినవృత్తాంతములు 25:1–8, 2 దినవృత్తాంతములు 5:11–14, 2 తిమోతి 2:2



దావీదు రాజు తన వృద్ధాప్యమందు దేవుని మందిరపు సేవను క్రమపరచినప్పుడు యాజకులను, ద్వారపాలకులను, బొక్కసముమీది వారిని మాత్రమే నియమించి ఊరకుండలేదు. వారితో సమానముగా గాయకులనుకూడ నియమించెను. ఆసాపు, హేమాను, యెదూతూను అను ముగ్గురి కుమారులు సితారాలతోను స్వరమండలములతోను తాళములతోను సేవచేయుటకు ప్రత్యేకింపబడిరి. నేర్పరులైన వారి లెక్క 288 మంది.

ఈ అధ్యాయమును మనము తరచుగా వట్టి పేర్ల పట్టికయని దాటిపోవుదుము. అయితే 8వ వచనమునొద్ద కొంచెము ఆగుడి. సేవా వంతులకొరకు చీట్లు వేసినప్పుడు వారు చిన్న పెద్ద భేదము చూడలేదు. నేర్పువాడును నేర్చుకొనువాడును ఒకే వరుసలో నిలిచిరి. అనగా మందిరములో పాడువారు మాత్రమే గాక, పాట నేర్పు గురువులును, నేర్చుకొను శిష్యులును ఉండిరన్నమాట. పాట తనంతట తాను ఒక తరమునుండి మరియొక తరమునకు రాదు. ఒకడు ఓపికతో కూర్చుండి నేర్పవలెను, మరియొకడు ఓపికతో కూర్చుండి నేర్చుకొనవలెను. ఇదే గ్రంథము 15వ అధ్యాయములో కెనన్యా అను లేవీయుడు ఈ పనికే పెట్టబడినట్లు చూచుచున్నాము.

దాదాపు మూడు వందల సంవత్సరముల క్రిందట జర్మనీ దేశములో ఒక సంగీత గురువు తన బైబిలులో ఈ 25వ అధ్యాయమును చదివి, దేవునికి ఇష్టమైన సంఘ సంగీతమంతటికి నిజమైన పునాది ఇదేయని ప్రక్కన తన చేతితో వ్రాసికొనెను. మందిరము మేఘముతో నిండిన సంగతిని చదివినప్పుడు, భక్తితో చేయు సంగీతమునొద్ద దేవుడు తన కృపతో ఎల్లప్పుడు సమీపముగా ఉండునని మరియొక మాట వ్రాసికొనెను. వ్యాఖ్యానముతో కూడిన మూడు సంపుటముల బైబిలు అది. దానిలో ఆయన సంతకమును, 1733 అను సంవత్సరమును కనబడుచున్నవి. ఆ పుస్తకములు సముద్రము దాటి పోయి, 1934లో అమెరికా దేశపు మిషిగన్ రాష్ట్రములో ఒక జర్మను కుటుంబమువారి ఇంట బయటపడెను. ఇప్పుడవి సెయింట్ లూయిస్ పట్టణమందలి కంకార్డియా సెమినరీలో భద్రపరచబడియున్నవి.

ఆ గురువు పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. లోకము ఆయనను గొప్ప సంగీతకర్తయని ఎరుగును. ఈ నెల మనము ఆయనను పిల్లలకు పాఠము చెప్పిన గురువుగాను, ఆదివారపు ఆరాధనకు పాటుపడిన సంఘ సేవకునిగాను ధ్యానింతము.

1. నేర్చుకొనిన అనాథ బాలుడు

బాఖ్ 1685లో ఐసెనాఖ్ అను ఊరిలో పుట్టెను. ఆ ఊరి కొండమీదనున్న వార్ట్‌బుర్గ్ కోటలోనే మార్టిన్ లూథరు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసెను. లూథరు బాలుడుగా చదివిన పాఠశాలలోనే బాఖ్‌కూడ చదివెను. తొమ్మిదవ యేట తల్లి పోయెను. పదియేండ్లు నిండకమునుపే తండ్రియు పోయెను. ఓర్డ్రుఫ్ అను ఊరి దేవాలయములో ఆర్గను వాయించు పెద్దన్న ఆ పిల్లవానిని చేరదీసి, అన్నము పెట్టి, మెట్లమీద వ్రేళ్లు వేయుట నేర్పెను.

ఆయన మరణానంతరము ఆయన కుమారుడును ఒక శిష్యుడును ప్రచురించిన జీవిత వృత్తాంతములో ఒక సంగతి ఉన్నది. అన్నయొద్ద గొప్ప వాద్యకారుల స్వరరచనలు గల పుస్తకమొకటి ఉండెను. అన్న దానిని బాలునికి ఇయ్యలేదు. అయితే బాలుడు రాత్రివేళ బీరువా కమ్మీల సందున చెయ్యి దూర్చి, పుస్తకమును చుట్టి బయటికి లాగి, దీపము లేక వెన్నెల వెలుగున ఆరు నెలలు దానిని ఎత్తి వ్రాసికొనెను. అన్నకు తెలిసి ఆ ప్రతిని లాగుకొనెను. చెప్పినమాట వినని పనిని మనము మెచ్చుకొననక్కరలేదు. అయినను ఆ ఆకలిని చూడుడి. ఇరువదియేండ్ల వయస్సులో, 1705లో, బుక్స్‌టెహుడె అను ముసలి ఆర్గను విద్వాంసుని వినుటకు ఆర్న్‌స్టాట్ నుండి లూబెక్ వరకు దాదాపు 400 కిలోమీటర్లు కాలినడకను పోయెను. నాలుగు వారముల సెలవు అడిగి దాదాపు నాలుగు నెలలు ఉండిపోయినందున సంఘపు పెద్దలచేత చీవాట్లు తినెను.

బాఖ్ దోషములేని పరిశుద్ధుడని చెప్పుటలేదు. ఆయన కోపిష్ఠి, పట్టుదలగలవాడు. 1717లో వైమార్ ప్రభువు కొలువు విడిచిపోవుటకు మొండిపట్టు పట్టి, దాదాపు నాలుగు వారములు చెరసాలలో ఉండెను. మనవలె ఆయనయు కృపవలననే నీతిమంతుడుగా తీర్చబడవలసిన పాపి. దేవుడు వాడుకొనునది మట్టి ఘటములనే.

2. వ్రేళ్ల అభ్యాసముపైన ప్రభువు నామము

ఆ దినములలో పియానో ఇంకను క్రొత్త వాద్యము. బాఖ్ నేర్పినది దానికి ముందటి తరపు మెట్ల వాద్యములైన హార్ప్సికార్డు, క్లావికార్డులమీదను, దేవాలయపు ఆర్గనుమీదను. నేడు లోకమంతట పియానో నేర్చుకొను పిల్లలు ఆయన శిష్యులకొరకు వ్రాసిన పాఠములను ఇంకను వాయించుచునే యున్నారు.

1720 జనవరి 22వ తేదీని ఆయన తన పెద్ద కుమారుడైన విల్హెల్మ్ ఫ్రీడెమన్ కొరకు ఒక పాఠ పుస్తకము మొదలుపెట్టెను. పిల్లవానికి అప్పుడు తొమ్మిదియేండ్లు. స్వరముల గుర్తులు చూపిన పుటల తరువాత, వాయించవలసిన మొదటి పాఠము వచ్చును. అది కొద్ది వరుసల చిన్న అభ్యాసము. ఏ స్వరమునకు ఏ వ్రేలు వేయవలెనో అంకెలు వేసియున్నవి. అది దేవాలయములో వాయించునది కాదు, ఎవరును విని మెచ్చుకొనునది కాదు. అయినను దాని పైభాగమున ఆ తండ్రి మూడక్షరములు వ్రాసెను. యేసు నామమున అని వాటి భావము.

ప్రియులారా, ఇక్కడ మనకొక గొప్ప ఉపదేశమున్నది. బాఖ్ తన పెద్ద రచనల మొదట యేసు సహాయమును కోరు అక్షరములను, చివర దేవునికి మాత్రమే మహిమయని చెప్పు అక్షరములను వ్రాయుచుండెనని అనేకులు ఎరుగుదురు. వందలమంది వినబోవు గానముపైన ప్రభువు నామము వ్రాయుట మనకు ఆశ్చర్యము కాదు. పసివాని వ్రేళ్ల అభ్యాసముపైన వ్రాయుటయే ఆశ్చర్యము. మాటచేతనైనను క్రియచేతనైనను మీరేమి చేసినను ప్రభువైన యేసు పేరట చేయుడని కొలొస్సయులకు వ్రాసినప్పుడు, అపొస్తలుడు చిన్న పనులను మినహాయింపలేదు. తల్లి బిడ్డకు అక్షరములు దిద్దించుట, ఉపాధ్యాయుడు ఎక్కాలు చెప్పుట, హార్మోనియమునొద్ద కూర్చుండి పిల్లవాని చిటికెనవ్రేలిని సరియైన మెట్టుమీద పెట్టుట, ఇవన్నియు ఆ నామము క్రిందికే వచ్చును.

వైమార్‌లో ఉండగా ఆర్గను నేర్చుకొనువారికొరకు ఆయన మరియొక చిన్న పుస్తకము ఆరంభించెను. సర్వోన్నతుడైన దేవుని ఘనతకును, పొరుగువాడు దానివలన నేర్చుకొనుటకును దానిని వ్రాసితినని మొదటి పుటలో తెలియజేసెను. ఈ రెండు గురులు ఆయన జీవితమంతటికి సరిపోయినవి. దేవుని ప్రేమించుము, నీ పొరుగువాని ప్రేమించుము అను రెండాజ్ఞలను ఆయన తన వృత్తిలోనికి తెచ్చుకొనెను. ఆ పుస్తకములో 164 కీర్తనలకు రచనలు చేయవలెనని పేర్లు వ్రాసి పెట్టుకొని, 46 మాత్రమే ముగించెను. మంచి సేవకుల పనికూడ సగములో నిలిచిపోవుట కలదు. ముగించినంతమట్టుకు ప్రభువు అంగీకరించును.

ఆయన బోధించు విధము కఠినమైనది, దయగలది. మొదట కొన్ని నెలలు వ్రేళ్ల అభ్యాసములే చేయించును. పిల్లవాడు విసుగుకొనినయెడల, ఆ అభ్యాసమునే మధురమైన చిన్న రచనగా మార్చి, అప్పటికప్పుడు వ్రాసి యిచ్చును. క్రొత్త పాఠము ఇచ్చునప్పుడు తానే మొదట వాయించి వినిపించును. ఇది గురువులందరు నేర్చుకొనదగిన మాదిరి. విసుగుకొనిన వానిని తిట్టి పంపివేయక, కష్టమును విడువక, కష్టములోనే తీపి కలిపెను.

3. దుఃఖములోను అల్పముగా ఎంచబడుటలోను

ఆ పాఠ పుస్తకము మొదలుపెట్టిన ఆరు నెలలకు, 1720 జూలైలో, బాఖ్ తన యజమానుడైన రాజకుమారునితో దూరపు ఊరికి పోయియుండెను. తిరిగి వచ్చి గుమ్మములో అడుగు పెట్టినప్పుడు భార్య మరియా బార్బరా చనిపోయి సమాధియు అయినదని తెలిసెను. తండ్రి తొమ్మిదవ యేట తల్లిని పోగొట్టుకొనెను. ఇప్పుడు కుమారుడును తొమ్మిదవ యేటనే తల్లిని పోగొట్టుకొనెను. ఆ పుస్తకము మాత్రము మూయబడలేదు. తండ్రియు కొడుకును ఆ పుటలు నింపుచునే వచ్చిరి. మరుసటి సంవత్సరము ఆయన అన్న మగ్దలేనా అను గాయకురాలిని వివాహమాడెను. ఆమె కొరకును పాఠ పుస్తకములు వ్రాసెను. రెండు వివాహములవలన కలిగిన 20 మంది బిడ్డలలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. పదిమార్లు బిడ్డను మట్టికి అప్పగించిన ఇల్లు అది.

1723లో ఆయన లైప్సిగ్ పట్టణమందు పరిశుద్ధ తోమా దేవాలయపు పాఠశాలలో సంగీతాధ్యక్షుడాయెను. పట్టణ సభవారు మొదట కోరినది ఆయనను కాదు. ఇద్దరు పేరుపొందిన విద్వాంసులను పిలువగా వారు రాలేకపోయిరి. శ్రేష్ఠులు దొరకనప్పుడు మధ్యరకము వారినే తీసికొనవలసివచ్చునని సభలో ఒకడు పలికెను. ఆ విధముగా పిలువబడినవాడు అక్కడ 27 సంవత్సరములు సేవచేసెను. పాఠశాల బాలురకు పాట నేర్పవలెను, ఆదివారములకును పండుగలకును గానములు సిద్ధపరచవలెను. మొదటి సంవత్సరములలో దాదాపు ప్రతి వారమునకు ఒక క్రొత్త గానము వ్రాసెను. దేవాలయమునకై వ్రాసినవాటిలో సుమారు 200 గానములు నేటివరకు నిలిచియున్నవి.

1730లో ఆయన పట్టణ సభకు ఒక విన్నపము పంపెను. అందులో బాలుర లెక్క ఉన్నది. పాడుటకు తగినవారు 17 మంది. ఇంకను నేర్పినయెడల తగినవారు కాగలవారు 20 మంది. తగనివారు 17 మంది. పాడువారిని, వాయించువారిని పోషింపక మంచి సంగీతము కావలెననుట న్యాయము కాదని ఆయన విన్నవించెను. సభవారు లక్ష్యపెట్టలేదు, పైగా ఆయన పని సరిగా చేయుటలేదని సణిగిరి.

ఈ సంగతి చదువునప్పుడు నెహెమ్యా 13వ అధ్యాయము జ్ఞాపకము వచ్చును. లేవీయులకు రావలసిన పాళ్లు ఇయ్యనందున సేవచేయు లేవీయులును గాయకులును ఎవరి పొలమునకు వారు వెళ్లిపోయిరి. నెహెమ్యా గాయకులను గద్దింపలేదు. దేవుని మందిరమును ఎందుకు విడిచిపెట్టితిరని అధికారులనే గద్దించెను. గాయకుడు పొలమునకు పోయెనంటే తప్పు ఎల్లప్పుడు గాయకునిది కాదు.

బాఖ్‌కు చివరి దినములలో కన్నులు మందగించెను. 1750లో రెండుమార్లు శస్త్రచికిత్స చేయించినను చూపు రాలేదు. ఆ సంవత్సరము జూలై 28న 65 యేండ్ల వయస్సులో నిద్రించెను. సమాధిమీద గుర్తురాయియైనను పెట్టలేదు. భార్య అన్న మగ్దలేనా పదియేండ్లు విధవరాలుగా, ధర్మపు సొమ్ముమీద బ్రదికి, 1760లో మరణించెను. ఆ పట్టణము తన సంగీత గురువు ఇంటిని ఆ విధముగా చూచుకొనెను.

4. నేలలో పడిన విత్తనము

అయితే యేసు నామమున వ్రాసిన ఆ మొదటి పాఠము ఏమాయెను? ఆ తొమ్మిదేండ్ల బాలుడు పెరిగి 1746లో హాలే పట్టణపు దేవాలయములో ఆర్గను వాద్యకారుడాయెను. ఆ హాలే పట్టణము తెలుగు క్రైస్తవులకు కొత్తది కాదు. మద్రాసులో ఉండి బైబిలును తెలుగులోనికి తర్జుమా చేసిన మిషనరీ బెంజమిన్ షుల్జ్, స్వదేశమునకు తిరిగి వెళ్లి, 1746, 1747 సంవత్సరములలో తెలుగు క్రైస్తవ పుస్తకములను అచ్చువేయించినది అక్కడనే. బాఖ్ కుమారుడు ఆర్గను వాయించుచున్న ఆ ఊరిలోనే మన అక్షరములు అచ్చు యంత్రము క్రింద నిలిచెను. దేవుని పొలములో ఎన్ని పనులు ప్రక్కప్రక్కనే జరుగుచుండునో!

ఆ కుమారుని జీవితము సుఖముగా ముగియలేదు. ఉద్యోగము విడిచి, తిరిగి, 1784లో బెర్లిన్ పట్టణమందు బీదవాడుగా చనిపోయెను. అయినను ఆ ముసలితనములో అతడు సారా లేవీ అను యూదురాలైన ఒక యౌవనస్థురాలికి మెట్ల వాద్యము నేర్పెను. లోకము తన గురువుయొక్క తండ్రిని మరచిపోవుచున్న దినములలో ఆమె ఆయన స్వరప్రతులను కూడబెట్టి, వాటిలో అనేకములను సింగ్ అకాడమీ అను గాయక సమాజమునకు ఇచ్చెను. ఆమె అక్క తన మనుమనికి, బాఖ్ 1727లో వినిపించిన మత్తయి సువార్త శ్రమల గానపు ప్రతిని బహుమానముగా ఇచ్చెను. ఆ మనుమడే ఫీలిక్స్ మెండెల్‌సన్. 1829 మార్చి 11న, ఇరువదియేండ్ల ఆ యౌవనస్థుడు ఆ సమాజముచేత ఆ గానమును బెర్లిన్‌లో పాడించెను. గుర్తురాయి లేని సమాధిలో పండుకొనినవాని గానము మరల లేచెను. నేడు ఆయన సమాధి ఆయన సేవచేసిన తోమా దేవాలయములోనే ఉన్నది.

తిమోతికి పౌలు ఇచ్చిన ఆజ్ఞను చూడుడి. నీవు వినినదానిని నమ్మకమైనవారికి అప్పగింపుము, వారు మరి యితరులకు నేర్పుదురు అను భావముతో ఆయన వ్రాసెను. పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, ఇతరులు. నాలుగు తరములు ఒక్క మాటలో ఉన్నవి. అన్న తమ్మునికి, తమ్ముడు కొడుకునకు, కొడుకు శిష్యురాలికి అందించిరి. మధ్యనున్నవారిలో ఎవరును చివరను చూడలేదు. విత్తువాడు చూడకపోయినంతమాత్రమున విత్తనము చచ్చినట్టు కాదు.

5. మన సంఘముల మాట

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచిన యెడల కీర్తనలపైన రాగము, తాళము అచ్చువేసియుండును. మన పితరులు మన దేశపు బాణీలో మనకు ఇచ్చిన ఆస్తి అది. నేటి పిల్లలలో ఎందరికి ఆ రాగములు తెలియును? నోటికి వచ్చిన ముసలి తల్లులు, పూర్వపు బడిపంతుళ్లు ఒక్కొక్కరుగా ప్రభువునొద్దకు పోవుచున్నారు. వారితోకూడ ఆ బాణీలను సమాధిచేయుచున్నాము. కీబోర్డులు కొనుటకు చందాలు ఎత్తుచున్నాము. నేర్పువానికి ఒక గంట సమయమునైనను, పది రూకలనైనను ఇచ్చుటకు ఆలోచించుచున్నాము. ఈ తరము నేర్పకపోయినయెడల వచ్చు తరమునకు పుస్తకము మిగులును గాని పాట మిగులదు.

పెద్దలారా, మీ హార్మోనియము వాయించువానిని, తబలా పట్టువానిని గూర్చి ఆలోచించుడి. అతడు అందరికంటె ముందుగా వచ్చును, అందరికంటె వెనుక పోవును. ఏ కీర్తన పాడవలెనో శనివారమే చెప్పుడి. శ్రుతి తప్పిన దినమున మాత్రమే అతని పేరు ఎత్తకుడి.

వాయించువారలారా, మీతోను ఒక మాట. మందిరములో మేఘము నిండినప్పుడు యాజకులు నిలువలేకపోయిరి. బూరలు ఊదువారును పాడువారును ఏకస్వరముగా కలిసినప్పుడు ఆ మేఘము వచ్చెను. మీ వాద్యము సంఘపు గొంతును లేపుటకే గాని ముంచుటకు కాదు. మెచ్చుకొనువారు లేకపోయినను పొలమునకు పారిపోకుడి. మధ్యరకమని పిలువబడినవాని సేవను దేవుడు ఏమి చేసెనో వింటిరి గదా.

తలిదండ్రులారా, సండేస్కూలు ఉపాధ్యాయులారా, ఆ 17, 20, 17 అను లెక్కను మరువకుడి. బాగుగా పాడువారిని ముందు నిలువబెట్టుట సులభము. గురువుయొక్క ప్రేమకు పరీక్ష మధ్యనున్న 20 మందే. నేర్పినయెడల వచ్చును, నేర్పనియెడల రాదు అనదగిన పిల్లలు ప్రతి పల్లెలోను ఉన్నారు. ఆరాధన తరువాత ఒక్క అరగంట వారిని కూర్చుండబెట్టుడి. ఒక నెలకు ఒక్క కీర్తన, రాగముతోను తాళముతోను, అర్థముతోను నేర్పుడి. మొదటి దినమున యేసు నామమున అని ఆరంభింపుడి. చివర ఏమగునో ఆయన చూచుకొనును.

మన ప్రభువు కడరాత్రి శిష్యులతో కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లెనని సువార్త చెప్పుచున్నది. సిలువకు పోవుచు పాడినవాడు మన మొదటి గాయకుడు, మన నిజమైన గురువు. ఆయన మన పాపములకొరకు చనిపోయి లేచెను గనుకనే మనకు పాడుటకు పాట ఉన్నది.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీ మందిరములో గాయకులను నియమించినవాడా, మా సంఘములలో పాడువారికొరకును, వాయించువారికొరకును, నేర్పువారికొరకును నీకు వందనములు. అలసిన గురువులను బలపరచుము. మా పిల్లలకు నేర్చుకొను ఆకలిని దయచేయుము. నీ సేవకులను అల్పముగా చూచిన మమ్మును క్షమింపుము. మా చిన్న పనులన్నిటిమీద నీ కుమారుని నామము వ్రాయబడియుండును గాక. నీకు మాత్రమే మహిమ కలుగును గాక. ఆమేన్.